ఇరవైనాలుగు పళ్లు, ఒక గుర్తు

పోయినవాటితోనే మొదలుపెడతాను. జీపులోని పాత కంట్రోలు పెట్టె ఒకటి, ఉప్పుగాలికి పోయింది. ఫ్యూజులు రెండు, నా తొందరకి పోయాయి. జాలీ చుట్టిన వైరు ఆరు మీటర్లు, లాగకూడని చోటునుంచి లాగి, మళ్లీ విప్పి పారేశాను. స్టార్టరు మోటారు ముక్కు ఒకటి, విరిగి రెండు ముక్కలైంది. సాయంత్రాలు పదకొండు. కాయల యార్డులో ముప్పై ఏళ్లుగా నాకున్న పేరు, ఒక వారం పాటు. ఇక చివరిది, అన్నిటికంటే బరువైనది, మా బావ డయాలసిస్ వంతు. అంటే నాలుగు గంటలు.

నేను పదో తరగతి లెక్కల్లో తప్పినవాణ్ణి. ఆ తర్వాత ముప్పై ఏళ్లు లెక్కతోనే బతికాను. ఉద్దానంలో ఒక కొబ్బరికాయల యార్డులో కాయలు లెక్కపెట్టడం నా పని. చేతికి రెండేసి కాయలు, ఒక విసురుకి నాలుగు, ఇరవైఅయిదు విసుర్లకి వంద. మొదలుపెట్టే ముందు రాశిలోంచి ఒక కాయ తీసి పక్కన పెడతాం. అది గుర్తుకాయ, లెక్కలోకి రాదు. ఈ రాశి ఒకరు లెక్కపెడుతున్నారు, ఇంకొకరు చెయ్యి పెట్టకూడదు అని దానర్థం. పని అయ్యాక లెక్కపెట్టినవాడు దాన్ని ఇంటికి పట్టుకుపోతాడు. మా ఇంట్లో పచ్చడికి ఏనాడూ కాయ కొన్నది లేదు.

బావ మా అప్ప భర్త. మా వైపు అక్కని అప్ప అనే అంటాం. తోటల్లోంచి యార్డుకి కాయలు తోలేవాడు, తన సొంత జీపులో. ఆ జీపుకి అసలు ఇంజిను ఎప్పుడో పోతే, విశాఖపట్నం పాతసామాన్ల బజారునుంచి జపాను పెట్రోలు ఇంజిను తెచ్చి వేయించాడు. బావ తోలుతుంటే ఆ జీపు ఇసుకలో కూడా పడవలా పోయేది. తర్వాత అతనికి కిడ్నీలు పాడయ్యాయి. మా ఊళ్లలో ఈ జబ్బు గురించి విడమరిచి చెప్పక్కర్లేదు. క్రియాటినిన్ ఎంతని అడిగితే వీధిలో ఎవరైనా తమ వాళ్ల అంకె చెబుతారు, రేషన్ కార్డు నంబరు చెప్పినంత తేలిగ్గా.

సోమవారం, గురువారం పొద్దున్న ఆరింటికి బావ వంతు. ఇంటినుంచి పలాసకి పందొమ్మిది కిలోమీటర్లు. వెళ్లేటప్పుడు బానే వెళ్తాడు. వచ్చేటప్పుడు బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. ఒకసారి కాశీబుగ్గలో బస్సు మెట్టుమీదే కూలబడ్డాడు. అందుకే జీపు వెనక సీట్లు తీసేసి పరుపు వేశాం. నేను తోలేవాణ్ణి, అతను పడుకుని వచ్చేవాడు. పడుకునే నా డ్రైవింగుకి వంకలు పెట్టేవాడు.

"గేరు మార్సరా. ఇంజిను ఏడుత్తంది, ఇనపడ్లేదా?"

"నువ్వు కళ్లు మూసుకు పడుకో బావా."

"కళ్లు మూసుకున్నాను గాబట్టే ఇనిపిత్తంది."

పోయిన ఏడాది ఒకరోజు జీపు స్టార్టు కాలేదు. ఇంజినుకి నిప్పూ పెట్రోలూ ఎప్పుడివ్వాలో చూసే కంట్రోలు పెట్టె విప్పి చూస్తే లోపల పచ్చగా చిలుము పట్టి ఉంది. సముద్రం మాకు మూడు కిలోమీటర్లు. ఇక్కడ గేటు గొళ్లేలే ఆగవు, పెట్టె ఏమాగుతుంది. అలాంటిది మళ్లీ ఎక్కడా దొరకలేదు. చివరికి విశాఖలో కార్ల పందేలు మానేసిన ఒకతను తన పెట్టె అమ్మకానికి పెడితే తెచ్చాను. ఆ పెట్టెని ఏ ఇంజినుకైనా తగిలించవచ్చు. కాకపోతే ఇంజిను సంగతులన్నీ మనమే ల్యాప్‌టాప్ పెట్టి దానికి చెప్పుకోవాలి.

"అంటే కొత్తకోడలన్నమాట," అన్నాడు బావ. "ఉప్పుడబ్బా ఎక్కడున్నాదో కూడా మనమే సూపించాల."

అలా చూపించాల్సినవాటిలో మొదటిది, ఇంజిను ఏ క్షణంలో ఎక్కడ తిరుగుతోందన్నది. ఆ కబురు డిస్ట్రిబ్యూటరులోంచి వస్తుంది. ప్లగ్గులకి వంతులవారీగా నిప్పు పంచే గుండ్రటి డబ్బా అది. మూత తీస్తే లోపల ఇరుసుమీద రెండు చక్రాలు, ఒకదానిమీద ఒకటి. కిందదానికి ఇరవైనాలుగు పళ్లు, పైదానికి ఒకే ఒక పన్ను. ఒక్కో చక్రం పక్కన అయస్కాంతమున్న చిన్న కాయిలు, అదే సెన్సారు. పన్ను దాని ముందునుంచి పోయినప్పుడల్లా కాస్త కరెంటు పుడుతుంది. పైపన్ను ఒక్కసారి దాటితే కొత్త ఆట మొదలైందని అర్థం. అక్కణ్ణుంచి కిందపళ్లు లెక్కపెట్టుకుంటూ పోతే పిస్టను ఎక్కడుందో తెలుస్తుంది.

ఇది చదివినరోజు నాకు నిద్ర పట్టలేదు. లోకంలో ఒక యంత్రం నా పనే చేస్తోందని అంతకుముందు నాకు తెలియదు. డిస్ట్రిబ్యూటరు ఒకచుట్టు తిరిగేలోపు ఇంజిను రెండుచుట్లు తిరుగుతుంది. రెండుచుట్లంటే ఏడువందల ఇరవై డిగ్రీలు. ఇరవైనాలుగు పళ్లతో భాగిస్తే పంటికి ముప్పై. శేషం లేదు. శేషం లేని లెక్క చూస్తే నాకు పండగ.

యార్డునుంచి వచ్చాక సాయంత్రాలు పనిచేశాను. బావ మంచం జీపు పక్కనే వేయించుకునేవాడు. ఒక్కో సెన్సారుకి రెండు వైర్లు. ఏది ముందు, ఏది వెనక అన్నది తేల్చుకోవాలి. తారుమారైతే పెట్టె పంటి ముందంచు బదులు వెనకంచు పట్టుకుంటుంది, వేగం పెరిగేకొద్దీ లెక్క జారిపోతుంది. తేల్చడానికి నా దగ్గరున్న పాత ముల్లు మీటరు పెట్టాను. స్క్రూడ్రైవరు మొనని కాయిలు దగ్గరికి తెస్తే ముల్లు ముందు కుడివైపుకి కొట్టాలి. మీటరు పట్టుకుని చూడటం బావ పని.

"ఎటెల్లింది?"

"కుడి."

"సరిగ్గా సూశావా?"

"జబ్బు కిడ్నీలకిరా, కళ్లకి కాదు."

ఒక కాయిలు కుడికే కొట్టింది. రెండోది ఎడమకి కొట్టింది. దాని వైర్లు తిప్పి కట్టాను. జాలీ చుట్టిన వైరు లాగాను. బయటి నిప్పు కబురులో కలవకుండా ఆ జాలీ అడ్డుకుంటుంది. దాన్ని పెట్టె ఉన్న కొసనే ఎర్త్ చేయాలి, రెండోకొస ఊరికే వదలాలి. అంత జాగ్రత్తగా చేసి, ఆ వైరుని ప్లగ్గు వైర్ల పక్కనుంచే పోనిచ్చాను. అలా పోనివ్వకూడదని మర్నాడు చదివి, ఆరు మీటర్లూ విప్పి, కొత్తది బాడీ అంచువెంట లాగాను.

"నిన్న ఏసినావు, ఇయ్యాల తీసినావు," అంది మా అప్ప మజ్జిగ తెచ్చి నాకిస్తూ. బావకి మజ్జిగ లేదు, రోజుకి ఇన్నే నీళ్లని సీసామీద గీత ఉంది. "ఇది బాగుసేత్తన్నట్టా, సీర నేత్తన్నట్టా?"

ఇక మిగిలింది ఒక్కటే. పైపన్ను దాటాక కిందపళ్లలో ఎన్నోది వచ్చేసరికి ఒకటో పిస్టను పైకొసకి చేరుతుంది? ఆ అంకె పెట్టెకి చెప్పాలి. ఒకటో ప్లగ్గు తీసేసి, బావ బొటనవేలు ఆ కన్నంమీద పెట్టాడు. నేను స్పానరుతో ఇంజినుని చేత్తో తిప్పాను. వేలిని గాలి తన్నగానే బావ కేకేస్తే, కన్నంలో వెదురుపుల్ల పెట్టి, అది పైకి లేచి ఆగినచోట ఆపాను. ఇంజిను ముందున్న గీత కూడా కలిసింది. పళ్లు లెక్కపెట్టాను. మూడు. ఒకసారి కాదు, నాలుగుసార్లు లెక్కపెట్టాను. నాలుగుసార్లూ మూడే వచ్చింది. రాసుకుని, ల్యాప్‌టాప్‌లో కొట్టాను.

అది ఆదివారం. పెట్రోలు గొట్టం కలిపి ముట్టించడమే తరువాయి. అమావాస్య అని మా అప్ప తాళంచెవి తీసి కొంగుకి ముడేసుకుంది.

"అమాసనాడు కొత్త సామాను ముట్టించీకూడదు. తెల్లారగట్ల ఎల్లిపోతాది, అప్పుడు ముట్టించండి."

"అప్పా, తెల్లారితే బావకి వంతు కదా. ముందో పాలి సూసుకోవాల."

"నాలుగుపాల్లు లెక్కెట్టినానని నువ్వే సెప్పినావు. మరి బయమేటి?"

బావ నవ్వాడు. "పంచాంగం ముందు నీ ల్యాప్‌టాపు ఎంతరా."

ఇందులో మా అప్ప తప్పు ఏమీ లేదు. జీపు పడుకున్న ఆ మూడు వారాలూ బావని తీసుకెళ్తున్న ఆటో అతనికి, రేపటినుంచి అక్కర్లేదని ఫోన్ చేసింది నేను. నాలుగుసార్లు లెక్కపెట్టాక ఇంకెవరినీ సిద్ధంగా ఉంచక్కర్లేదనుకున్నది నేను.

సోమవారం పావుతక్కువ అయిదుకి బావ పరుపుమీద కూర్చున్నాడు, టవలూ ఫైలూ ఒళ్లో పెట్టుకుని. మా అప్ప కొంగు ముడి విప్పింది. నేను తాళం తిప్పాను. స్టార్టరు ఒక్కసారి మూలిగింది. ఆ వెంటనే చెట్టుమీంచి గెల రాలినట్టు చప్పుడు. జీపు మొత్తం ఎదురు తన్నింది. తర్వాత తాళం ఎన్నిసార్లు తిప్పినా మోటారు ఒక్కటే ఊరికే గిర్రున తిరిగింది. దూరి చూస్తే స్టార్టరు ముక్కు విరిగి వేలాడుతోంది. పిస్టను ఇంకా పైకి వస్తుండగానే నిప్పు పడింది, అది వెనక్కి తన్నింది. అంతవరకు తెలిసింది. ఎందుకో తెలియలేదు.

ఆటో అతనికి ఫోన్ చేశాను.

"నువ్వు రావద్దన్నావు కదన్నా. జీడిపప్పు ఫ్యాక్టరీకి తొమ్మండుగురు ఆడోళ్లని ఎక్కించీసినాను. ఇపుడు దింపీమంతావా?"

ఆ వేళకి మా ఊళ్లలో కదిలే ఆటోలన్నీ ఫ్యాక్టరీ మనుషులతో పలాసకే పోతాయి. వాటిలో బావని పడుకోబెట్టే చోటుండదు, కూర్చోబెట్టే చోటుండదు. ఏడింటికి ఒక ఖాళీ ఆటో దొరికింది. మేం చేరేసరికి ఎనిమిదికి పది నిమిషాలు. బావ మంచంమీద ఇంకొకరున్నారు.

"ఏడు దాకా చూశానండీ," అంది నర్సమ్మ. ఆమె గొంతులో కోపం లేదు, అది ఇంకా కష్టంగా తోచింది. "మిషన్ ఖాళీగా ఉంచలేం. బుధవారం మధ్యాహ్నం ఒక ఖాళీ ఉంది, రాసుకుంటాను. అప్పటిదాకా నీళ్లు బాగా తగ్గించండి. ఆయాసం వస్తే ఆగకుండా తీసుకొచ్చేయండి."

గురువారంనుంచి సోమవారానికి నాలుగు రోజులు, బుధవారానికి ఆరు. నేను ఎన్నిసార్లు లెక్కపెట్టినా ఆ ఆరు నాలుగు కాలేదు.

సోమవారం సాయంత్రానికి బావ కాళ్లు వాచాయి. వేలితో నొక్కితే గుంట పడి ఉండిపోయేది. నీళ్ల సీసామీద మా అప్ప గీతని సగానికి దించింది. నాకు అన్నం పెట్టింది గానీ మాట్లాడలేదు. యార్డుకి వెళితే అక్కడికి కబురు నాకంటే ముందే చేరింది.

"ఏటన్నా, పళ్లు ఇరవైనాలుగేనంట కదా. సెట్టుమీదున్న కాయలు కిందనుంచి సెప్పీసేవోడివి," అన్నాడు లోడెత్తే ఒకతను.

మంగళవారం సెలవు పెట్టి టెక్కలి వెళ్లాను. పాత స్టార్టరు ఒకటి దొరికింది. మధ్యాహ్నానికి బిగించాను. కానీ తాళం తిప్పడానికి చెయ్యి రాలేదు. ఇదీ విరిగితే బుధవారం కూడా ఆటోనే గతి. మళ్లీ గతుకుల్లో కూర్చుని వెళ్లడం, తిరిగొచ్చేటప్పుడు కూర్చునే రావడం, ఆ వాచిన కాళ్లతో. వైర్లన్నీ మళ్లీ చూశాను. స్క్రూడ్రైవరు పరీక్ష మళ్లీ చేశాను. అన్నీ సరిగానే ఉన్నాయి.

బావ మంచంమీద రెండు దిండ్లకి ఆనుకుని ఉన్నాడు. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడటం లేదు.

"పళ్లు మరోపాలి లెక్కెట్టు," అన్నాడు.

"ఐదోసారా? మూడే వస్తాది బావా."

"నీ మనసులో కాదు. నాకు ఇనపడీలాగ."

స్పానరు వేశాను. మెల్లిగా తిప్పుతూ, పైపన్ను కాయిలు దాటగానే అరిచాను. "దాటింది. ఇదిగో కిందది వచ్చింది, ఇది గుర్తు. ఒకటి. రెండు. మూ..."

"ఆగు."

ఆగాను.

"ఆ మొదుటిదాన్నేటన్నావు?"

"గుర్తు."

"ఎవుడు సెప్పాడు అది గుర్తని?"

ఎవరూ చెప్పలేదు. నా చెయ్యి చెప్పింది. ముప్పై ఏళ్లుగా రాశి ముందు నిలబడగానే మొదటికాయ పక్కకి పోతుంది, ఆ తర్వాతదే ఒకటి. అలా పక్కకి పెడుతున్నానని కూడా నాకు తెలియదు. నాలుగుసార్లు లెక్కపెట్టినా, నాలుగుసార్లూ అదే పంటిని పక్కన పెట్టాను.

"ఒరే, పైనున్న ఒంటిపన్ను ఎందుకున్నాది?" బావకి మాట్లాడుతుంటే ఆయాసం వస్తోంది, అయినా ఆపలేదు. "గుర్తుకే కదా? గుర్తుకాయ ముందే ఎట్టి ఉంటే, రాశిలోంచి మరోటి తీత్తావా? ఒక రాశికి రెండు గుర్తుకాయలేట్రా? యార్డులో అలా సేత్తే నిన్ను కాయల దొంగంతారు."

నేను స్పానరు పట్టుకునే నవ్వడం మొదలుపెట్టాను. బావా నవ్వాడు, దగ్గొచ్చేదాకా. మా అప్ప వంటింట్లోంచి పరుగున వచ్చి, "ఆయన్ని నవ్వించకు, ఊపిరాడదు," అంది. సోమవారం పొద్దుటినుంచి ఆవిడ నాతో అన్న మొదటిమాట అదే.

మూడు కాదు, నాలుగు. ఒక పన్ను తేడా. పంటికి ముప్పై డిగ్రీలు. పిస్టను పైకొసకి చేరడానికి పది డిగ్రీల ముందు పడాల్సిన నిప్పు నలభై డిగ్రీల ముందు పడింది. చేరేలోపే నెత్తిన మొట్టితే ఎవరైనా ఎదురు తన్నరూ.

అంకె మార్చాను. ప్లగ్గు బిగించాను. తాళం మా అప్ప చేతే తిప్పించాను. నా చెయ్యి ఆ రోజుకి నమ్మదగ్గది కాదు. స్టార్టరు మూలిగింది, రెండోమూలుగుకి ఇంజిను అందుకుంది. నిప్పు పడ్డప్పుడల్లా వెలిగే టైమింగు లైటు వేసి ఇంజిను ముందున్న గీత చూశాను. సరిగ్గా పది దగ్గర నిలిచి ఉంది.

బావ కళ్లు మూసుకుని విన్నాడు. "నా ఇంజినే," అన్నాడు. "కాసింత జలుబు సేసినట్టున్నాది గానీ, గొంతు అదే."

బుధవారం మధ్యాహ్నం రెండింటికి చేరాలి, ఒకటిన్నరకే చేరాం. బావని తూకం మీద నిలబెట్టారు. ఒంట్లో నీరంతా తీశాక ఉండాల్సిన బరువు యాభైనాలుగు. మామూలుగా యాభైఆరు, యాభైఏడుతో వెళ్లేవాడు. ఆ రోజు యాభైతొమ్మిదిన్నర. అంతా ఒక్కసారే తీయకూడదని రెండు విడతలుగా తీశారు, బుధవారం కొంత, గురువారం కొంత. కాళ్లు పట్టేసి నొప్పితో బావ పళ్లు కొరుక్కోవడం బయటే నిలబడి తలుపు అద్దంలోంచి చూశాను. తిరిగొచ్చేటప్పుడు పరుపుమీద పడుకున్నాడు. ఏ గేరుకీ వంక పెట్టలేదు.

మందస రోడ్డు దాటాక వెనకనుంచి గొంతు వినిపించింది.

"ఒరే. నాకు నాలుగ్గంటలు బాకీ పడ్డావు."

"అవును బావా."

"అవునంతే తీరిపోదు. నేను మిసను కాడ పడుకుంతే నువ్వు పలాస బజార్ల తిరుగుతావు. ఏరోజైనా లోపలికొచ్చి కూకున్నావా?"

కూర్చోలేదు. గొట్టాల్లో రక్తం కదలడం నేను చూడలేను. ఆ సంగతి అతనికి తెలుసు. నిజానికి అందుకే అడిగాడు.

"ఆ నాలుగ్గంటలూ నా పక్కన కూకుని తీర్సు."

నర్సమ్మ పది నిమిషాలో, పదిహేనో, అంతకంటే ఎక్కువసేపు లోపల ఉండనివ్వదు. మొదటిరోజు నాలుగు నిమిషాలకే గోడ పట్టుకుని బయటికొచ్చాను. అవి లెక్కలోకి రావన్నాడు. తర్వాతిసారి తొమ్మిది కూర్చున్నాను. గొట్టాలవైపు చూడకుండా అతని మొహమే చూస్తూ, ఆ రోజు యార్డుకి ఎన్ని కాయలొచ్చాయో చెప్పాను. తొమ్మిదీ ఒప్పుకున్నాడు. ఆ తర్వాత షరతులు మొదలయ్యాయి. నేను ఫోన్ చూసిన నిమిషాలు రావు. అతను కునుకు తీసిన నిమిషాలు రావు, ఎందుకంటే అప్పుడు నేనున్నానో పోయానో అతనికి తెలియదు కదా. జీపు గురించి మాట్లాడితే సగమే వస్తాయి.

నేను చిన్న పుస్తకంలో రాసుకుంటున్నాను. నా లెక్క ప్రకారం ఆ నాలుగు గంటలూ ఎప్పుడో తీరిపోయి, పైన రెండు గంటల చిల్లర నాకే రావాలి. ఆ మాటంటే బావ తల అడ్డంగా ఊపుతాడు. పంటిని పక్కన పెట్టినోడి లెక్క ఎవడొప్పుకుంటాడంటాడు. నేనూ గట్టిగా వాదించను. నిన్న సోమవారం పన్నెండు నిమిషాలు కూర్చున్నాను. ఏడు ఒప్పుకున్నాడు. ఇంకా నలభైఒక్క నిమిషాలు బాకీ.